ఒక్క వచనం బరువు



ఎవరి జ్ఞాపకార్థం ఈ ఉపన్యాసం ఏర్పాటైందో ఆయనను ఈ చుట్టుపక్కల ఎవరూ పేరు పెట్టి పిలిచి ఎరుగరు. పంతులుగారు అనేవారు. నేనూ అలాగే అంటాను. పగలు ఎలిమెంటరీ బడి, దీపాలు పెట్టే వేళకు వీధి ప్రార్థన, ఆదివారం నాడు పాస్టరుగారు రాలేని పల్లెల్లో వాక్యం. నలభై ఏళ్లు ఇదే ఆయన దినచర్య. ఉపన్యాసం ఇమ్మంటే ఒప్పుకునే మనిషి కారు. ఆయన పేరున నేను ఉపన్యసించడం ఆయనకు నచ్చేదో లేదో కూడా చెప్పలేను. అందుకని ఆయన నన్నొకసారి అడిగిన ప్రశ్ననే పట్టుకుని ఈ గంటసేపూ నడుస్తాను. ఆ ప్రశ్న ఆయనది. జవాబు వెతుక్కుంటూ వెళ్లిన దారి మాత్రం నాది.

డిసెంబరు 31 రాత్రి ఆరాధనలో వాగ్దాన కార్డులు తీయడం మీ అందరికీ తెలిసిన సంగతే. పన్నెండు దాటగానే పళ్లెం చేతులు మారుతుంది. కళ్లు మూసుకుని ఒక కార్డు తీసుకుంటాం. ఆ ఏడాదికి దేవుడు మనకిచ్చిన మాట అదేనని నమ్ముతాం. నాకు పన్నెండేళ్లప్పుడు యిర్మీయా గ్రంథం 29వ అధ్యాయం 11వ వచనం వచ్చింది. దేవుడు మనకోసం తలపెట్టినవి హాని కలిగించేవి కావనీ, మేలుకోసమేననీ భరోసా ఇచ్చే వచనం. తెలుగు క్రైస్తవుల ఇళ్లలో క్యాలెండరు మీద, గోడ గడియారం కింద, ఆటోల వెనక అద్దం మీద ఇంతగా కనిపించే వచనం మరొకటి ఉండదేమో. సంబరంగా పంతులుగారికి చూపించాను. ఆయన చదివి, కార్డు నా చేతిలోనే పెట్టి, "మంచిది నాయనా. దీనికి ముందు ఏముందో చూశావా?" అన్నారు.

చూడలేదు. చాలా ఏళ్లు చూడలేదు. ఆ మాటలు బబులోనుకు చెరపట్టుకుపోయిన జనానికి రాసిన ఉత్తరంలోవి. దానికి సరిగ్గా ముందు వచనంలో, చెర తీరడానికి డెబ్బై ఏళ్లు పడుతుందని ఉంది. ఆ ఉత్తరం విన్నవాళ్లలో చాలామంది విడుదల చూడకుండానే కన్నుమూస్తారన్నమాట. ఇంకా పైకి వెళితే పనులున్నాయి. ఇళ్లు కట్టుకోండి, తోటలు నాటండి, పిల్లలకు పెళ్లిళ్లు చేయండి, మిమ్మల్ని చెరపట్టిన ఆ పట్టణం క్షేమం కోసమే ప్రార్థన చేయండి. కార్డు మీద అచ్చయింది హామీ ఒక్కటే. పని అంతా కార్డుకు వెలుపల మిగిలిపోయింది.

నా వాదం ఇంతే. లేఖనాన్ని మనం హామీగా చదువుతున్నాం. పరిశుద్ధులు దాన్ని తమకు అప్పగించిన పనిగా విన్నారు. విశ్వాసం దినచర్యలోకి దిగడం, దిగకపోవడం ఈ తేడా దగ్గరే తేలుతుంది. వాగ్దానాలను చిన్నబుచ్చడం నా ఉద్దేశం కాదు. బిడ్డను పోగొట్టుకున్న తల్లి మంచం పక్కన ఆజ్ఞలు చదివేవాడు మనిషే కాడు. ఓదార్పు అవసరమైన చోట ఓదార్పే వాక్యం. అయితే ఆస్పత్రిలో ఇచ్చే మందును మూడు పూటలా భోజనంగా తినడం మొదలుపెట్టామా అన్నది నా అనుమానం.

క్రీ.శ. 270 ప్రాంతంలో ఐగుప్తులో అంతోని అనే కుర్రవాడుండేవాడు. ఇరవై ఏళ్లు నిండాయో లేదో, తల్లిదండ్రులు పోయారు. చెల్లెలి భారం, మూడు వందల అరూరాల భూమి, అంటే మన లెక్కలో సుమారు 200 ఎకరాలు, అతనిమీద పడ్డాయి. ఒకరోజు గుడిలో అడుగుపెట్టే సరికి, యేసు ఆస్తిపరుడైన యువకుడితో అన్న మాటలు చదువుతున్నారు. కలిగినదంతా అమ్మి బీదలకిచ్చి తనను వెంబడించమన్న మాటలు. వేల మంది వేలసార్లు విన్న భాగమే. అంతోని మాత్రం అది తనతోనే అన్నట్టు విన్నాడు. బయటికొచ్చి భూమిని ఊరివాళ్లకు ఇచ్చేశాడు. తక్కినవి అమ్మి పేదలకు పంచి, చెల్లెలి కోసం కొంత అట్టేపెట్టాడు. మరోసారి గుడికి వెళితే రేపటి గురించి చింతించవద్దన్న మాట చెవిని పడింది. ఆ అట్టేపెట్టింది కూడా పోయింది. చెల్లెలిని నమ్మకమైన కన్యకల దగ్గర ఉంచి వెళ్లిపోయాడు. ఆ చెల్లెలి ఇష్టం ఎవరైనా అడిగారా అన్న ప్రశ్న నన్ను ఎప్పుడూ వదల్లేదు. పరిశుద్ధుల చరిత్రలు చదివేటప్పుడు ఇలాంటి చోట ఆగడం అపచారమేమీ కాదనుకుంటాను.

అంతోని చరిత్ర రాసిన అలెగ్జాండ్రియా బిషప్ అతనాసియు మరో సంగతి చెబుతాడు. అంతోని అక్షరాలు నేర్వలేదు. చదువుతుంటే వినేవాడు. విన్నదాన్ని నేలపాలు కానిచ్చేవాడు కాడు. జ్ఞాపకమే అతనికి పుస్తకం. పని చేయనివాడు తినకూడదన్న పౌలు మాట విన్నాడు కనుక చేతులతో పని చేసేవాడు. చెవి నుంచి నేరుగా చేతికి దారి. మధ్యలో పుస్తకం లేదు.

ఇలాంటి దారి తర్వాత చాలామందిలో కనిపిస్తుంది. 386లో మిలాను నగరంలో ఒక తోటలో అగస్టీన్ రోమా పత్రిక తెరిచి, కంటబడిన రెండు మూడు పంక్తులు చదివి, ఇక చదవనక్కరలేదని మూసేశాడు. ఆ క్షణాన అతనికి గుర్తొచ్చినవాడు అంతోనియే. అలంకార శాస్త్రం బోధించిన పండితుడికి చదువురానివాడు దారి చూపాడు. 1208 ప్రాంతంలో అస్సీసి ఫ్రాన్సిస్ ఒక చిన్న గుడిలో, శిష్యులను పంపిస్తూ యేసు చెప్పిన మాటలు విన్నాడు. చదివింది లాటినులో. పూర్తిగా అంతుపట్టక, ఆరాధన అయ్యాక గురువును అడిగి అర్థం చెప్పించుకున్నాడు. సంచీ వద్దు, చెప్పులు వద్దు, కర్ర వద్దు అని తెలియగానే చెప్పులు విప్పేశాడు, కర్ర పడేశాడు, తోలు నడికట్టు తీసి తాడు కట్టుకున్నాడు. వ్యాఖ్యానం రాయలేదు. మన కాలంలో మదర్ తెరెసా మత్తయి 25వ అధ్యాయంలోని మాటను అయిదు వేళ్లమీద లెక్కపెట్టి చూపేవారు. ఈ అల్పుల్లో ఒకరికి చేసింది తనకు చేసినట్టేనన్న మాట అది. వచనం చేతిమీదికి దిగడమంటే అక్షరాలా అంతే.

ఒక్కొక్కరికి ఒక్కొక్క వచనం. గ్రంథమంతా మోసినవాళ్లు అరుదు. ఒక్క వచనం బరువును చివరిదాకా మోసినవాళ్లనే సంఘం పరిశుద్ధులు అంది.

ఈ మాట దగ్గర మన మధ్య ఒక చిక్కుంది. కథోలికులు పునీతులు అంటారు. ప్రొటెస్టెంట్లు ఆ మాట వింటే కాస్త వెనక్కి జరుగుతారు. ఇద్దరూ ఒకే పత్రికలు చదువుతారు. వాటిలో పౌలు కొరింథు సంఘం వారిని పరిశుద్ధులుగా పిలవబడినవారని సంబోధిస్తాడు. ఎవరు వాళ్లు? కోర్టులకెక్కినవాళ్లు, ప్రభువు బల్ల దగ్గర పేదవాళ్లను ఆకలితో కూర్చోబెట్టి తాము కడుపునిండా తిన్నవాళ్లు. అలాంటివాళ్లకు ఆ పేరు పెట్టాడంటే అది బిరుదు కాదు, బాకీ.

ఇక మన నేలకు వస్తాను. విశాఖపట్నంలో లండన్ మిషనరీ సొసైటీ వారి దగ్గర ఆనందరాయరు అనే బ్రాహ్మణ క్రైస్తవుడు చేసిన సాయంతో మొదటి మూడు సువార్తలు తెలుగులో తయారై 1812లో అచ్చయ్యాయి. బైబిలు మొత్తం 1854లో వచ్చింది. చరిత్ర పుస్తకాలు ఇక్కడితో తృప్తిపడతాయి. గ్రంథం అచ్చయింది, సరే. ఎవరు చదివారు? ఆ తర్వాత పాతికేళ్లలో గుండ్లకమ్మ పొడవునా, ఒంగోలు, కనిగిరి సీమల్లో క్రైస్తవులైన వేలమంది మాదిగలకు అక్షరం రాదు. వాళ్లకు లేఖనం అంతోనికి వచ్చినట్టే వచ్చింది, చెవిలోంచి. తాళ్లకొండపాడు యెర్రగుంట్ల పేరయ్య 1866లో బాప్తిస్మం పొందాడు. తోళ్ల వ్యాపారం మీద ఊళ్లు తిరిగే మనిషి, అంతకుముందు యోగమార్గం పట్టినవాడు. అతను తన బంధువర్గంలో ఇల్లిల్లూ తిరిగి చెప్పుకుంటూ వెళ్లాడు. ఆ ఉద్యమాన్ని దొరల ఉద్యమంగా రాయడం అలవాటైపోయింది. నిజానికి దాని కాళ్లు పేరయ్యవి.

ఆ కొత్త సంఘాలకు పెట్టిన నియమాలు మూడు. ఆదివారం పని చేయకూడదు. చచ్చిన గొడ్డు మాంసం తినకూడదు. విగ్రహాలకు మొక్కకూడదు. పైకి చూస్తే మిషనరీల కట్టడిలా ఉంటుంది. పల్లె లోపలి నుంచి చూడండి. చచ్చిన గొడ్డును ఈడ్చుకుపోవడం, దాని తోలుతో చెప్పులూ మోకులూ ఆసామికి అందించడం, ఆ మాంసమే కూలిగా సరిపెట్టుకోవడం తరతరాల ఏర్పాటు. జాతరలో డప్పు కొట్టడం హక్కు కాదు, వెట్టి. తినం, కొట్టం అనేసరికి ఊరి కట్టుబాటుకు ఆధారమైన మూడు గుంజల్లో రెండు కదిలాయి.

ఆదివారం మూడోది. దానిగురించి కొంచెం ఎక్కువసేపు ఆగుతాను. విశ్రాంతిదినపు ఆజ్ఞ నిర్గమకాండంలో ఒకసారి, ద్వితీయోపదేశకాండంలో ఒకసారి వస్తుంది. మొదటిచోట దేవుడు సృష్టి ముగించి విశ్రమించాడని కారణం. రెండోచోట కారణం వేరు. నువ్వు ఐగుప్తులో దాసుడివి, అది మరిచిపోకు, నీ పనివాడికీ పనిమనిషికీ నీలాగే విశ్రాంతి దొరకాలి. మన నగరాల్లో ఆదివారం సెలవు కాబట్టి ఈ ఆజ్ఞ మనకు చప్పగా వినిపిస్తుంది. 1870లలో ఒక జీతగాడి నోట వినండి. వారం లేదు, తిథి లేదు. కామందు కేక వేస్తే కోత, లేకపోతే నీరు పెట్టడం, లేకపోతే గొడ్లు. ఆ మనిషి ఒక పొద్దున, "ఇయ్యాల రాను దొరా, ఆదివారం" అన్నాడు. ఆరు రోజులు చేస్తాను, ఏడో రోజు నాది కాదు, నీదీ కాదు అన్నాడు. పట్టుమని పది అక్షరాలు కూడా రాని మనిషి అతను. చదివిన వేదాంతి ఎవరూ ద్వితీయోపదేశకాండాన్ని అంత బాగా వ్యాఖ్యానించలేదు. బదులుగా ఆసాములు పని ఇవ్వడం ఆపేశారు, బావుల దగ్గరికి రానివ్వలేదు, పొలం గట్లమీద నడవనివ్వలేదు, తప్పుడు కేసులు పెట్టారు. ఒక్క వచనం బరువంటే అది.

1876 నుంచి 78 దాకా పెద్ద కరువు. బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో కొంతభాగాన్ని ఒంగోలు మిషనరీ క్లౌ దొర కాంట్రాక్టు తీసుకుని వేలమందికి పని చూపించాడు. కరువు రోజుల్లో బాప్తిస్మాలు ఆపేశాడు, కూటికోసం మతం మారారన్న మాట రాకూడదని. కరువు తగ్గాక 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజున 2,222 మందికి బాప్తిస్మం ఇచ్చారు. ఆ అంకెను మనవాళ్లు గర్వంగా చెప్పుకుంటారు. నన్ను ఆకట్టుకునేది అంకెకంటే ముందరి రోజులు. పార తగిలించి నీడన కూర్చున్న జనానికి ప్రసంగీకులు మళ్లీ మళ్లీ చెప్పిన వచనం మత్తయి 11వ అధ్యాయంలోది. ప్రయాసపడి భారం మోసేవాళ్లను రమ్మని, విశ్రాంతి ఇస్తానని యేసు పిలిచిన 28వ వచనం. మట్టి తట్ట నెత్తిమీంచి అప్పుడే దించినవాడికి దానికి అర్థం చెప్పాలా? ఇది వాగ్దానమే. కానీ పంతులుగారి ప్రశ్నను ఈసారి తిరగేసి అడగాలి. దీని తర్వాత ఏముంది? 29లో కాడి ఉంది. తన కాడి ఎత్తుకోమంటాడు. విశ్రాంతి, కాడి ఒక్క ఊపిరిలో వస్తాయి. మన కార్డులమీద 28 ఉంటుంది. 29 ఉన్న కార్డు నా చేతికి ఇంతవరకూ రాలేదు.

ఎద్దులు కట్టినవాళ్లకు తెలుసు, కాడి ఒంటికి ఉండదు. జతకు ఉంటుంది.

కాలువ పని జరిగిన సుమారు ముప్పై అయిదేళ్లకు, 1912 డిసెంబరు 29న కలకత్తాలో వేదనాయకం సామ్యూల్ అజరయ్య ఆంగ్లికన్ సంఘంలో మొదటి భారతీయ బిషప్పుగా అభిషేకం పొందాడు. తిరునెల్వేలి సీమలోని వెల్లాలన్‌విళై అతని ఊరు. 1903లో ఆ ప్రాంతపు క్రైస్తవులు, తెల్లవారి డబ్బు లేకుండా, తమ కానుకలతోనే ఒక మిషనరీ సంఘం పెట్టుకున్నారు. అది పని మొదలుపెట్టిన చోటు నిజాం రాజ్యంలోని దోర్నకల్లు. అజరయ్య తెలుగు నేర్చుకుని అక్కడే ఉండిపోయాడు. అతని సంఘస్థుల్లో ఎక్కువమంది మాలలు, మాదిగలు. గాంధీజీతో మతమార్పిడుల విషయంలో అతనికి వచ్చిన విభేదం గురించి చాలామంది రాశారు, దాన్ని నేను తడమను. అతని బాప్తిస్మపు పద్ధతి మాత్రం చెప్పాలి. నీళ్లు పడ్డ తలమీద చెయ్యి పెట్టుకోమనేవాడు. పౌలు కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక 9వ అధ్యాయంలోని ఒక మాటను వాళ్ల నోటే చెప్పించేవాడు. సువార్త ప్రకటించకపోతే నాకు అయ్యో అన్న భావం అందులో ఉంది. తడి తలమీద తమ చెయ్యే, తమ నోటినుంచి తమమీదే పెట్టుకున్న ఒట్టు. అలా సంఘంలోకి వచ్చినవాళ్లకు వచనం హామీగా అందలేదు, పనిగా అందింది.

ఇంగ్లండు సంఘం జనవరి 2న అజరయ్యను స్మరిస్తుంది. ఆయన మరణించింది 1945 జనవరి 1న. సరిగ్గా రెండు వారాలకు, జనవరి 15న, కృష్ణా జిల్లా పెదఅవుటపల్లిలో జోసెఫ్ తంబి కన్నుమూశాడు. ఈయన కథోలికుడు, ఫ్రాన్సిస్ మూడవ సభకు చెందినవాడు, బయటి ప్రాంతం నుంచి వచ్చి తెలుగు పల్లెలో కలిసిపోయినవాడు. ఒకరు బిషప్పు, మహాదేవాలయం కట్టించినవారు. మరొకరి దగ్గర కట్టుకున్న బట్ట తప్ప పెద్దగా లేదు. అస్సీసిలో విప్పిన చెప్పులు ఏడు వందల ఏళ్ల తర్వాత కృష్ణా డెల్టాలో ఎవరి కాళ్లకూ లేకుండా నడిచాయి. ఈ ఇద్దరి పేర్లూ ఒక్క పేజీలో నేనింతవరకూ చూడలేదు. మన పుస్తకాల మధ్య గోడ అంత మందం.

ఇవన్నీ పెద్దవాళ్ల కథలు, మాకేమిటి అనుకునేవాళ్లకు చిన్న తెరేజమ్మను చూపిస్తాను. ఫ్రాన్సులోని లిజియూ మఠంలో పదిహేనేళ్లకు చేరి, ఇరవై నాలుగేళ్లకు, 1897లో, క్షయతో చనిపోయిన పిల్ల. మఠం గడప దాటలేదు. అయినా 1927లో సంఘం ఆమెను మిషనరీలందరికీ పాలక పునీతురాలిగా ప్రకటించింది. ఆమె రాసుకున్న సంగతుల్లో ఒకటి బట్టలు ఉతికే చోటు గురించి. ఎదురుగా ఉన్న సోదరి చేతిరుమాళ్లు బాదుతుంటే మురికినీళ్లు ఈమె ముఖాన చిందుతున్నాయి. వెనక్కి జరిగి ముఖం తుడుచుకుంటే ఆ సోదరికి అర్థమవుతుంది, జాగ్రత్తపడుతుంది. అదే చేయబోయి ఆగింది. తుడుచుకోలేదు. కొరింథీయులకు రాసిన మొదటి పత్రికలో ప్రేమ అధ్యాయాన్ని తన పిలుపుగా ఎంచుకున్న మనిషి ఆమె. ప్రేమ దేన్నైనా సహిస్తుందని ఎక్కడో ఆకాశంలో లేదు, ఆ సబ్బునీళ్ల తొట్టి దగ్గర ఉంది.

మా ఇంట్లో అలాంటి వచనానికి పొయ్యి పక్కన చోటుండేది. అమ్మ పూటకు సోలెడు బియ్యం కొలిచి చాటలో పోసి, మెరిగెలు ఏరి, ఎసట్లో వేసే ముందు ఒక పిడికెడు తీసి మూలనున్న కుండలో వేసేది. శనివారానికి ఆ బియ్యం సంఘానికి వెళ్లేవి. ఉపదేశి జీతం, విధవరాళ్ల తిండి వాటిలోంచే. పిడికెడు బియ్యం అంటే ఏమిటో మీకు కొత్తగా చెప్పనక్కరలేదు. ఒక శ్రావణంలో, నాన్నకు పని లేని వారం, సోల తలగొట్టి కొలవడం చూశాను. అప్పుడూ పిడికెడు తీసింది. పిడికిలి బిగించి తీసింది, అదొక్కటే తేడా. దానికి ఏ వచనం ఆధారమో అమ్మను అడిగితే చెప్పలేకపోయేది. పేద విధవరాలి రెండు కాసుల కథ విన్నది. అంతే.

ఇవాళ ఆ కుండల స్థానంలో కవర్లు వచ్చాయి, క్యూఆర్ కోడు వచ్చింది. దానిమీద నాకు ఫిర్యాదు లేదు. రోజుకు రెండుసార్లు, ఆకలి వేళ, చెయ్యి పెట్టి తీసే అలవాటు పోయింది, దాని గురించి దిగులు. ఇంకా పెద్ద దిగులు వేరే ఉంది. బంగారు ఉంగరం పెట్టుకున్నవాడికి మంచి చోటు, మురికిబట్టలవాడికి కాళ్లదగ్గర చోటు చూపడాన్ని యాకోబు పత్రిక రెండో అధ్యాయం నిలదీస్తుంది. మన సంఘాల్లో కులాన్నిబట్టి సంబంధాలు కలుపుకోవడం, కులాన్నిబట్టి కమిటీలు వేసుకోవడం నడుస్తూనే ఉంది. దీవెనల పేరుతో కారూ మేడా వాగ్దానం చేసే ప్రసంగాలకు మైదానాలు చాలడం లేదు. యాకోబు రెండో అధ్యాయంలోంచి తీసిన వాగ్దాన కార్డు ఎక్కడైనా ఉందా? గుండ్లకమ్మ ఒడ్డున ఆదివారం పనికి రానన్న మనిషి మునిమనవలం మనం. మన ఇంట్లో పనిచేసే ఆమెకు ఆదివారం సెలవు ఉందా? ఈ ప్రశ్న నాకు నేను వేసుకుని, రెండేళ్ల క్రితమే జవాబు మార్చుకున్నాను. ఆలస్యమైందని ఒప్పుకుంటున్నాను.

పంతులుగారు పోయాక ఆయన బైబిలు కొంతకాలం నా దగ్గర ఉంది. అట్ట ఊడితే తువ్వాలు గుడ్డతో కుట్టుకున్నారు. వాగ్దానాల కింద గీతలు లేవు. అక్కడక్కడ వచనాల పక్కన పెన్సిలుతో తేదీలు మాత్రం ఉన్నాయి. చదివిన తేదీలనుకున్నాను. లూకా సువార్త 14వ అధ్యాయంలో, విందు చేస్తే బీదలను, కుంటివాళ్లను, గుడ్డివాళ్లను పిలవమన్న చోట ఉన్న తేదీ ఆయన పెద్దకూతురి పెళ్లి తేదీ. ఆ పెళ్లికి నేనూ వెళ్లాను. మొదటి పంక్తిలో ఎవరు కూర్చున్నారో నాకు గుర్తుంది. మత్తయి 5వ అధ్యాయం 24వ వచనం పక్కన, కానుకను బలిపీఠం దగ్గర విడిచి ముందు వెళ్లి సహోదరుడితో సమాధానపడమన్న చోట, ఒకే వచనానికి మూడు తేదీలున్నాయి. మొదటిదానికీ మూడోదానికీ మధ్య పదకొండేళ్లు.

ఆ బైబిలును ఈ సాయంత్రం ఆయన మనవరాలికి అప్పగిస్తున్నాను. పెన్సిలు గీతలు చెరిగిపోతున్నాయి. పేజీలు తిప్పేటప్పుడు అంచు పట్టుకుని తిప్పమని మనవి.